టికెట్ వెనక లెక్క

సోమవారం కర్ర.
మంగళవారం ఇనుము.
బుధవారం పల్లెవెలుగు, మర్రిగూడ నైటౌటు.
ఆ దినం ఒంటికి ఏ గురువూ ఉండడు,
బస్సు మూలమలుపులే ఉంటయి.

టికెట్ రోలు చివర మిగిలిన ముక్క మీద
రాసుకుంట:
స్క్వాటు అరవై కిలోలు, ఐదైదులు.
దాని కింద వంకర అక్షరాలల్ల:
ఎడమ చుట్టు మొద్దువారింది.

చండూరు ఎరువుల దుకాణం మీద
రేకుల షెడ్డుల ఉపేందర్ జిమ్ము.
బిళ్లలు లేతు మిషన్ కాడ కోయించినయి,
ఇరవై అని రాసుంటది, కాటా మీద పందొమ్మిదిన్నర.
తెలిసే లేపుతం, బియ్యం కొన్నట్టే.
చేతులకు బడి చాక్‌పీసు పొడి.
"కర్ర తిప్పుడు బందువెట్టక్కా,
తిన్నదంత ఆడనే కరుగుతది" అంటడు.

రసూల్ ఉస్తాద్‌ది ఇంకో తీరు.
తెల్లారకముందే పీర్ల కొట్టం ఎనక
నా భుజాలు నొక్కి చూస్తడు,
అంగట్ల ఎద్దును కొనేటోని లెక్క.
"రాత్రి ఇనుము ముట్టినవు."
అబద్ధమాడ. ఆడినా కర్ర చెప్తది,
జబ్బ దాటాల్సిన చుట్టు
చెవి కాడనే ఆగుతది.

ఉస్తాద్ మెడ తిరగదు.
పక్కనుంచి ఎవరన్న పిలిస్తె
మనిషంత తిరుగుతడు, తలుపు తిరిగినట్టు.
ముప్పై ఏండ్లు బోరింగు నీళ్లు తాగిన ఎన్నుపూస,
కిందికి వంగనియ్యదు.
జారిన కర్రను
కాలి వేళ్లతోటి ఎగరేసి పట్టుకుంటడు.
ఆ ఒక్క ఎగరేత చూడనీకే
మూడున్నరకు లేస్త.

ఒకనాడన్నడు:
"నీళ్లు నా బొక్కలను ఇనుము చేసినయి బిడ్డా,
ముఫత్‌గ.
నువ్వు పైసలిచ్చి చేయించుకుంటున్నవా?"

జవాబు దొరకలే.
రెండూ కావాలనుకున్న, రెండూ నిండుగ కావాలనుకున్న.
పొద్దున మట్టి, మాపటికి రేకుల షెడ్డు,
నడుమ నాలుగు ట్రిప్పులు.
శివన్నగూడెం స్టేజి కాడ నిలబడే నిద్రపోయిన.
వంద నోటుకు రెండు వందల చిల్లర ఇచ్చిన.
తీసుకున్న ముసలామె
నా మొఖం చూసి వాపస్ ఇచ్చింది,
"ఇంట్ల ఎవరికన్న పానం బాగలేదా" అని.
నా పానమే అవ్వా,
రెండు ఇండ్ల మధ్య పంచుకున్న.

అప్పటి సంది తగ్గించిన.
మూడు దినాలు కర్ర, రెండు దినాలు ఇనుము,
ఒక దినం డ్యూటీ,
ఒక దినం ఊరికె పండుకునుడు.
అన్నిటికన్న పండుకునుడే కష్టం.
గుగ్గిళ్లు తింటా గోడకానుకుంటె
చేతులు తమంతట తామే గాలిని తిప్పుతయి.

ఉగాది ఎల్లినంక ఒక మాపు
మెట్ల మీద చప్పుడు.
ఉస్తాద్, ఒక్కో మెట్టూ పక్కకు తిరిగి ఎక్కుకుంట.
ఉపేందర్ కుర్చీ ఏసిండు. కూసోలే.
నాకు ఎదురుంగ నిలబడ్డడు,
ఎదురుంగ తప్ప చూడలేడు కాబట్టి.

ఎనభై కిలోలు. ఊపిరి కడుపుల బిగవట్టి లాగిన.
బిళ్లలు నేల ఇడువలే.
నడుమ రాడు మాత్రం ఇంత వంగింది,
వంగి, అటెన్క లేసింది.

"మళ్లొకసారి."
ఉపేందర్ నా ఫారం చూస్తుండు,
ఉస్తాద్ రాడునే చూస్తుండు.
దింపినంక కర్ర కొనతోటి దాన్ని తట్టిండు,
టంగుమన్నది. ఇంకోసారి తట్టిండు.
"వంగుతదా ఇది!"
నవ్వు మెడ కాడ ఆగిపోయి
మనిషంత ఊగిండు.

మంచిదనలే, చెడ్డదనలే.
మెట్లు దిగనీకె పావుగంట పట్టింది,
చెయ్యి ఇయ్యవోతె కర్ర అడ్డం పెట్టిండు.

తెల్లారి మట్టిల భుజాలు నొక్కలే.
కర్ర నా దిక్కు ఎగరేసిండు, కాలితోటి.

టికెట్ ముక్క మీద, ఆ సోమవారం:
చుట్టు చెవి దాటింది.
జబ్బ చేరలే.