పసుపు కట్టిన వేలు

షార్జాల సజా క్యాంపు, మూడో నంబరు మెస్సు.
వంటోడెవడని అడిగితే నా పేరే చెప్తరు, లింబాద్రి.

బుధవారం ఉల్లిగడ్డ కోస్తుంటే కత్తి జారింది.
చూపుడువేలు కణుపు కాడ సన్నటి గీత, అంతే.
డబ్బాల ఆర్మూరు పసుపుంది, అక్క దంచి పంపింది.
అద్ది, లుంగి అంచు చింపి కట్టుకున్న.
మూడొద్దులకు వేలు వెచ్చగ కొట్టుకోబట్టింది
ఇంకో గుండె మొలిచినట్టు.
చీము కొద్దిగనే.
నేను పండుకుంటే నలభైరెండు మందికి టిఫిను ఎవలు కడతరు?
కట్టు బిగించుకున్న.

మనిషికి రెండు లెక్కన ఎనభైనాలుగు గుడ్లు.
రాత్రే ఉడకబెట్టి పొట్టు తీసిన.
ఒక్కొక్కటి నా వేళ్ల సందున తిరిగింది
తెల్లగ, నున్నగ,
పుట్టెంటికలు తీసిన పిల్లల నెత్తి లెక్క.

ఫ్రిజ్జు ఆగి పదిరోజులు.
కాయితం రాసిచ్చిన.
కాయితం ఆఫీసుల చల్లగ ఉన్నది, ఏసీ కింద.

గుడ్ల గంజు మీద మూత పెట్టి పండుకున్న.
గంజుల ఉన్నయి పండుకోలే.
అరగంటకు ఒకటి రెండైంది, రెండు నాలుగైనయి,
మా ఏజెంటు మిత్తి గూడ ఇంత జోరుగ పెరగది.

మూడింటికి లేచి పులుసుల ఏసి
కుతకుత మసలబెట్టిన.
మసిలినంక ఏ పురుగైనా చావాలె, అమ్మ చెప్పిన లెక్క.
పురుగులు చచ్చినయి.
అవి కక్కిన విషం చావలే,
తేలు చచ్చినా సలుపు ఆగనట్టు.

ఆరోజు శనివారం, నాకు ఒక్కపొద్దు.

మధ్యాహ్నం సైటుల, కట్టని గోడల నీడకు తిన్నరు.
మూడు కొట్టకముందే
బంగ్లా పోరడు మొక్లెస్ కూసున్నకాడనే వంగిండు.
ఎనకనే రామడుగు సాయన్న, ఆయనెనక నేపాలోళ్లు ఇద్దరు.
తర్వాత లెక్క తప్పింది.
ఎండదెబ్బ అన్నడు ఫోర్మన్.
ఎండ అందరికీ ఒక్క గంటల్నే తగులుతదా?
అడిగెటోడు లేడు, అందరూ ఇసుకల మోకాళ్ల మీద ఉన్నరు.

బల్దియా నుంచి సూడాన్ డాక్టరమ్మ వచ్చింది, ఇఖ్లాసమ్మ.
నీళ్ల ట్యాంకి చూసింది, సీసాల పట్టుకున్నది.
జొరమున్నదా అని అడిగింది, లేదన్నరు.
నెత్తురు పడ్డదా, లేదన్నరు.
తిన్న ఎన్ని గంటలకు, అని మళ్ల మళ్ల అడిగింది.
కోడికూర పురుగైతే కడుపుల పెరగాలె, రేపటిదాక ఆగుతది.
నీళ్ల రోగమైతే ఇంక తిప్పుతది.
మూడు గంటల్ల కక్కిండ్రంటే
విషం ముందే తయారై గిన్నెల్ల కూసున్నట్టు.

పులుసు వాసన చూడలే. ఉప్పు కారం అడగలే.
తినని వంటోని దిక్కు తిరిగి
"చెయ్యి చూపెట్టు" అన్నది.

కట్టు ఇప్పిన.
పసుపు ఎండి పెచ్చులు లేచింది.
పత్తి పుల్లతోని మెల్లగ అద్దింది, నొచ్చకుంట.
తిడితే బాగుండు అనుకున్న.

రెండొద్దులకు పిలిచి గాజుపల్లెం చూపెట్టిండ్రు.
నెత్తురు కలిపిన ఎర్రటి మెత్త మీద
గుండ్రటి చుక్కలు,
పుస్తెల గుండ్లోలె, పసిడి రంగు.
"దీని పేరుల్నే బంగారముంది చేటా" అన్నడు
ల్యాబుల మలయాళం పిల్లగాడు, హిందీల.

పదకొండేండ్ల కింద దీనికోసమే ఇమానం ఎక్కిన,
అక్క పుస్తెలతాడు కుదువ పెట్టి.
ఇంకా ఇడిపియ్యలే.
అక్కా, ఇగో, నా వేలికే పండింది.

కొత్త ఫ్రిజ్జొచ్చింది, అట్ట గూడ ఊడలే.
నీలం చేతితొడుగులిచ్చిండ్రు, డబ్బా నిండ.
వేలు మానింది. మచ్చ ఉన్నది.

నిన్న మొక్లెస్ వచ్చిండు, చెంపలు లోపలికి పోయినయి.
ఒక్కమాట అనలే.
పల్లెం ముందుకు జరిపిండు.
నేను గంటె కింద పెట్టి, చేతులు కడుక్కున్న.
మళ్ల కడుక్కున్న.
వాడు ఆగిండు.