ఆవిరి ఖాతా

కంచరపాలెం మెట్టు దిగువన
మూతబడ్డ పెట్రోలు బంకు.
ధరల బోర్డు మీద అంకెలన్నీ రాలిపోయి
ఒక్క తొమ్మిది మాత్రం
తలకిందులై ఆరులా వేలాడుతోంది.

ఎల్లారావు రిగ్గు దించాడు.
ముందు తారు, తర్వాత కంకర,
ఆ కింద మన విశాఖ ఎర్రమట్టి, తడితడిగా.
పదిహేనడుగుల దగ్గర ఎరుపు పోయి
బూడిద రంగు పైకొచ్చింది.
అతను జేబులోంచి అగ్గిపెట్టె తీసి
గేటు బయట రాయి కింద పెట్టి వచ్చాడు,
నేను చెప్పకుండానే.

నీళ్ళు ఎటు పోతున్నాయో తెలియాలంటే
ఒక్క బోరు చాలదు, మూడు కావాలి.
మూడు చోట్లా మట్టం కొలిచి గీత గీస్తే
ఆ గీత బంకు గోడ దాటి,
ఇస్త్రీ బండి దాటి,
దాలమ్మ నూతి మీదుగా హార్బరు వైపు పోయింది.

టేపు చివరి పరికరం
నీరు తగిలితే ఆగి ఆగి కూస్తుంది.
నూనె తగిలితే ఊపిరి తియ్యకుండా కూస్తుంది.
దాలమ్మ నూతిలో
రెండు వేళ్ళ మందం దాకా ఆపకుండా కూసింది.
గట్టు మీద కాకి లేచిపోయింది.

దాలమ్మ లేవలేదు.
టిఫిను బండి గిన్నెలు తోముతూనే ఉంది.
"ఆరేళ్ళ కిందటే సెప్పినాను కాదేటి?
టీ నీళ్ళు మోటారు కంపు కొడతన్నాయని.
ఆఫీసుకెల్తే నవ్వినారు.
అప్పట్నించీ మూడు వీదులవతల కుళాయి నుంచి మోత్తన్నాను.
నీ కూత డబ్బాకి జీతమిత్తారు గానీ
నా ముక్కుకి ఇత్తారేటి పిల్లా?"

నేను సీసా నింపుతున్నాను.
లోపల గాలి బుడగ ఒక్కటీ మిగలకూడదు.
తలొంచుకుని చేసే పనిలో అదో సుఖం,
జవాబు చెప్పక్కర్లేదు.

మేనేజరు గదిలో స్టాకు రిజిస్టరు దొరికింది.
రోజూ పొద్దున్నే కర్ర దించి ట్యాంకు కొలిచి
ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాడు, పాపం:
తరుగు పదకొండు లీటర్లు. కారణం ఆవిరి.
తరుగు తొమ్మిది. ఆవిరి.
తరుగు పద్నాలుగు. ఆవిరి.
పుష్యమాసపు మంచులోనూ ఆవిరే.
తుపానుకి ఊళ్ళో చెట్లన్నీ కూలిన వారం కూడా ఆవిరే.
ఆకాశం పద్దులో రాసిందంతా
కిందకే దిగింది.

ట్యాంకు పైకి లేపిన రోజు
చిల్లు ఎక్కడుందో చాలాసేపు కనపడలేదు.
చివరికి ఎల్లారావే వేలు పెట్టి చూపించాడు.
కొలత కర్ర రోజూ దిగి తాకే చోట,
సరిగ్గా అక్కడే,
నువ్వుగింజంత.
ఇరవయ్యేళ్ళ కొలత.

తర్వాత మూడేళ్ళు.
గొట్టాలు భూమి లోపలి గాలిని రాత్రీ పగలూ పీల్చాయి.
రైలు పోయేటప్పుడు మాత్రం ఆ మోటారు రొద వినపడేది కాదు.
తవ్విన మట్టిని టార్పాలిన్ల మీద వడ్లలా ఆరబోసి తిరగేశాం.
మట్టిలోనే ఉన్నాయి నూనె తినే క్రిములు,
వాటికి గాలీ కాస్త ఎరువూ అందిస్తే చాలు.
వాటికి తొందర లేదు. మాకే.
వానలకి నీటి మట్టం లేచినప్పుడల్లా
తగ్గిందనుకున్న అంకె మళ్ళీ తలెత్తేది.
ఈలోగా ఎల్లారావు కూతురు పదో తరగతి పాసైంది.
నా ముక్కు పోయింది.
ఇంట్లో పోపు మాడినా ఎవరో ఒకరు చెప్పాలి.

ఈ శ్రావణంలో లేబు కాగితం వచ్చింది.
అంకె హద్దు లోపలే ఉంది.
దాలమ్మకి చదివి వినిపించాను.
ఆమె ఒక చేద తోడింది. తాగలేదు.
నా వంక చూడకుండా
నూతి పక్క కరివేప మొక్కకి పోసింది.
"ముందు ఇది తాగనీ. దీనికి సదువు రాదు."

కార్తీకంలో మళ్ళీ వెళ్ళాను, పనేం లేకపోయినా.
ఓ రెబ్బ తుంచి, నలిపి
నా ముక్కు దగ్గర పెట్టింది.
నాకేం తెలియలేదు.
"ఎలా ఉంది?" అని నేనే అడిగాను.

ఆమె కళ్ళు మూసుకుని చాలాసేపు పీల్చింది.
"ఉండు," అంది,
"ఇంకో రెబ్బ తుంచనీ."