ఇరవై మూడో ప్రశ్న

మొదటి రోజు సంగడిగుంటలో
కాగితం మీద ఉన్నది ఉన్నట్టే చదివాను:
"మీ మెదడు ఆరోగ్యం గురించి ఎంత తరచుగా ఆలోచిస్తారు?"
కత్తి ఆపకుండానే అన్నాడు కరీముల్లా,
"మెదడా? ఆదివారం ఏడింటికల్లా అయిపోద్దమ్మా,
ముందే చెప్తే ఒకటి తీసి పెడతా."
కొట్టు ముందు నిలబడ్డ నలుగురూ నవ్వారు.
"ఎప్పుడూ ఆలోచించను" దగ్గర టిక్కు పెట్టాను.
అది అతని జవాబు కాదని
రాత్రి అన్నం తింటుంటే తోచింది.

రెండో రోజు మాట మార్చి, బుర్ర అన్నాను.
బుర్ర అనగానే అందరికీ ఎవరో ఒకరు గుర్తొచ్చారు:
మోకాల్లో పెట్టుకున్న అల్లుడు,
మట్టి తప్ప ఏం లేని మేనల్లుడు,
పొద్దస్తమానం తమది తినే ఆడపడుచు.
తమది మాత్రం భేషుగ్గా ఉంది.
ఐదుకి ఐదు.

మూడో రోజు, నల్లచెరువు లైన్లలో,
మతి అన్నాను.
నాంచారమ్మ గారు వీధి అటూ ఇటూ చూసి
తలుపు ఓరగా వేసి,
"మా ఇంట్లో అట్టాంటివేం లేవమ్మా" అంది.
వెనక గదిలో ఒక మగ గొంతు
బస్సొచ్చిందా, బస్సొచ్చిందా
అని అడుగుతూనే ఉంది.
"మా బావగారు. వయసు గదా. చాదస్తం."
మంచినీళ్లిచ్చింది. గ్లాసు చల్లగా ఉంది.
చాదస్తానికి నా కాగితంలో గడి లేదు.

ఒకటే ప్రశ్న, మూడు మాటలు, మూడు ఊళ్లు.
ఇదే ప్రసన్నాంజనేయులు గారికి ఫోన్లో చెప్తే
"ప్రశ్న మారిస్తే లెక్క చెడుద్దమ్మా" అన్నారు.
మార్చకపోతే లెక్క ఒక్కటే మిగులుద్దండీ,
అనబోయాను.
రోజుకి నాలుగొందలు. ఊరుకున్నాను.

ఆటో తోలే సాంబయ్యని అడిగాను,
మూర్ఛ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందా అని.
"మాకట్టాంటి సంగతులు తెలీవు" అన్నాడు, అద్దం తుడుస్తూ.
పక్కన వాళ్లావిడ.
కొంగున ఏడు తాళంచెవుల గుత్తి.
ఆ ఇంటికున్నది ఒకటే తలుపు.

ఐదో రోజు మిర్చి యార్డు.
మార్చి ఎండ. గేటు దాటకముందే తుమ్ములు.
ముక్కుకి కొంగు, కొంగు మీద చెయ్యి,
సగం ప్రశ్న దగ్గులోనే పోయింది.
టిక్కీల మధ్య ఏసోబు కూర్చుని ఉన్నాడు,
ముక్కుకి గుడ్డయినా లేకుండా.
ముప్ఫై ఏళ్లుగా కాయ విరిచి వాసన చూసి
ఇది తేజ, ఇది ఆర్మూరు,
ఇది నిరుడంతా కోల్డ్ స్టోరేజీలో పడుకున్న సరుకు
అని తేల్చే మనిషి.
ఇరవై మూడో ప్రశ్న చదివాను:
రాబోయే జబ్బుని ముందే చెప్పే పరీక్ష ఉంటే చేయించుకుంటారా?

చాలాసేపు మాట్లాడలేదు.
ఒక కాయ విరిచి, నేను మల్లెపూలు చూసినట్టు,
నింపాదిగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"రెండేళ్లయిందమ్మా ఘాటు తెలిసి.
రంగు చూసి చెప్తన్నా, తొడిమ చూసి చెప్తన్నా,
చెవి కాడ ఆడిచ్చి గింజ చప్పుడు విని చెప్తన్నా.
ఇంకా తప్పు పోలేదు."
విరిచిన కాయ ఆ వేళ్ల మధ్య సన్నగా అదురుతోంది.
గాలి లేదు.
"ఏదో ఉందని తేలిందనుకో,
ఆ కబురు నాకంటే ముందు కొట్లకి చేరుద్ది.
వద్దన్నాడని రాసుకో.
పేరు మాత్రం రాయమాక."

"లేదు" మీద టిక్కు పెట్టాను.
కారణం? ఖర్చు, భయం, తీరిక లేదు, నమ్మకం లేదు.
నాలుగు గడులూ చూసి చూసి
పక్కన మార్జిన్‌లో చిన్నగా రాశాను: వాసన.

"మార్జిన్‌లో రాసినవి ఎక్కవు మేడమ్"
అన్నాడు కంప్యూటర్ ముందు కుర్రాడు.
తెర మీద అప్పటికే ఒక వాక్యం ఉంది:
ఈ ప్రాంత ప్రజల్లో అవగాహన తక్కువ.

ఆ రాత్రి పోపు పెట్టబోతూ
ఎండుమిరపకాయ విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
స్టవ్ మీద నూనె కాగుతోంది.
ఒకసారి పీల్చాను.
రెండోసారి ఇంకా గట్టిగా పీల్చి
తుమ్ము కోసం ఎదురు చూశాను.