చపాట

గా దినం యార్డుల చపాట మిర్చి దిగింది.
కొక్కెం జారి నీ చీలమండ పక్కపొంటి గీసుకపోయింది.
నువ్వు సూడనే లేదు.
పొద్దూకినంక నేనే సూసిన:
ఎండిన నెత్తురు, దాని మీద ఎర్ర దుమ్ము,
గాయంల అతుక్కొని ఒక గింజ.
మంట లేదా అన్న.
ఏం మంట అన్నవు.

ఓదెలూ, నీకు తెలవందా,
పదకొండేండ్లాయె నేను తొడిమెలు తీయవట్టి,
ఏనుమాముల కోల్డ్ స్టోరేజి షెడ్డుల, కిలకు ఇన్ని పైసలని.
రాత్రి నా వేళ్లు పొయ్యిల వెట్టినట్టుంటయి.
నూనె రాసినా అంతే, పెరుగుల ముంచినా అంతే,
కన్ను నలుపుకోవాలన్నా భయం.
మంటంటే ఏందో నన్నడుగు.
నీ కాలు మాత్రం
పుండుల కారం వోసుకొని
నిమ్మళంగ నిద్రవోయింది.

గట్టి మనిషనుకున్న.
మురిసిన గూడ, అబద్ధమెందుకు.

పది దినాలు గాయపాకు పసరు పిండిన.
కాశిబుగ్గ ఆర్‌ఎంపీ నాలుగు గోలీలు, ఒక ట్యూబు ఇచ్చిండు.
దిష్టి అన్నది మీ చిన్నమ్మ, నిమ్మకాయ కోసింది.
పుండు మాత్రం
కిరాయి కట్టకుంట కూసున్నోని లెక్క
ఇల్లు ఖాళీ చెయ్యదు.

గా నెలంత నువ్వు రాత్రికి నాలుగుసార్లు లేస్తివి.
చెంబులకు చెంబులు నీళ్లు తాగితివి.
ఎండలు గదా అనుకున్నం.
గోడెనుక నువ్వు పోసినకాడ చీమల బారు.
నేను చీమల మందు చల్లిన.
మనకన్న ముందు వాటికే ఎరుక.

ఎంజీఎంల చీటీ కిటికీ కాడ రెండు గంటలు.
వేలు పొడిచిండ్రు. మూడు వందల ఎనభై ఆరు.
నువ్వు నవ్వినవు:
"బస్తాలు మోసేటోనికి షుగరేంది మేడం,
గది కుర్సీల కూసునేటోళ్ల రోగం గాదా?"
డాక్టరమ్మ నవ్వలే.
దారమసొంటి పుల్లతోని నీ అరికాలు ముట్టుకుంట
తెలుస్తుందా, ఇక్కడ, ఇక్కడ అని అడిగింది.
నువ్వు కండ్లు మూసుకొని
బడి పిలగాని లెక్క ఆలోచించి ఆలోచించి చెప్పినవు.
ఆమె ముట్టనప్పుడు గూడ
తెలుస్తుంది అన్నవు.
గప్పుడొచ్చింది నాకు ఏడుపు.

బయట బల్ల మీద కూసున్నంక
నువ్వే అన్నవు మెల్లగ:
"చపాట కాయనే నా కాలు.
చూస్తె ఎరుపు, కొరికితె కారం లేదు."
చపాటకే గద రేటెక్కువ అన్న నేను.
ఇద్దరం నవ్వినం. ఏం జెయ్యాలె మరి.

ఇప్పుడు దినం తప్పి దినం డ్రెస్సింగు.
ఫిలోమినా సిస్టర్ సచ్చిన తోలు కత్తిరిస్తది.
కత్తెర కదిలితె నా పండ్లు కరుసుకుంటయి;
నువ్వేమో మీదే ఊరు సిస్టరూ అంటవు.
"నొప్పున్నోళ్లను నొప్పే తోలుకొస్తది," అన్నదామె,
"లేనోళ్లే ఆలస్యంగ వస్తరు."

సూది ఇచ్చుడు నేర్చుకున్న.
నీ చెప్పులు తిరగేసి దులుపుత పొద్దున్నే:
కంకరపలుకు, గుండుపిన్ను, ఒకనాడు మళ్ల మిరప గింజ.
నీ కాలు కడిగే నీళ్లల్ల ముందు నా మోచెయ్యి వెడుత.
నాకు మంట ఎక్కువే ఉన్నది,
సగం నీకు అప్పియ్యొస్తె ఇద్దును.
షెడ్డు నుంచి వచ్చి సబ్బుతోని మూడుసార్లు కడుక్కుంట చేతులు.
ఎందుకే, నాకెట్లా తెలవదు గదా అంటవు.
తెలవదని చెప్పి
కారం చేతులతోని ముట్టుకుంటరా ఎవలన్న?

మొదలు ఐదు రూపాల బిళ్లంత.
ఉగాదికి చింతగింజంత.
ఇప్పుడు కందిగింజకు ఇంత ఎక్కువ.
ముకద్దం రోజు ఫోన్ జేస్తుండు ఎప్పుడొస్తవని.
సిస్టర్ ఇంకో నెలంటది.
నడుమ నువ్వు, గోడకు వీపు ఆనిచ్చి,
ఖాళీ భుజాలు ఏం జెయ్యాల్నో తెలవక.

నిన్న రాత్రి నీ పాదం పక్కకు జరుపుదామని
వేలు ఆనిచ్చిన.
నువ్వు నిద్రలనే కాలు గుంజుకున్నవు.
నా వేలేనా, దోమనా, ఏదన్న కలనా.
నిన్ను లేపి అడగలే.
లైటు వేసుకొని
తెల్లారేదాక గా కాలునే సూసుకుంట కూసున్న.