పొద్దుతిరుగుడు పిండి

తెల్లవారుజామున ఐదింటికి
దుకాణం వెనక తలుపు లాగి బయటపడేసరికి
లూయిస్టన్ మీద ఇంకా చీకటే.
కనుబొమల మీద పిండి, చెవి మడతల్లో పిండి,
బూటు తాళ్ల ముడిలో పిండి.
దారిలో ఎవరైనా చూస్తే
ఈ ఏడు మంచు ముందే పడిందనుకుంటారు.

ముందు గుమ్మంలోంచి వెళ్లను.
నేలమాళిగ మెట్లు దిగి
చొక్కా సంచిలో కుక్కి, మూతి బిగించి,
గోళ్ల సందులు బ్రష్షుతో తోమి,
తల రెండుసార్లు రుద్దుకుని,
అప్పుడు పైకి.
ఒడెట్ ముందు నా చేతులు వాసన చూస్తుంది.
"సబ్బు" అంటుంది,
పాసైపోయావు పో అన్నట్టు.
ఆ తర్వాతే వాటేసుకుంటుంది.

ఒక్కసారి మరిచిపోయాను.
చొక్కా మడతలో చిటికెడు.
ఆ రాత్రి ఆస్పత్రి గోడ గడియారం
ఎన్నిసార్లు టిక్కుమందో
ఇప్పటికీ చెప్పగలను. చెప్పను.

పిండి కొద్దీ రొట్టె అంటారు.
ఇరవై రెండేళ్లుగా నా రొట్టె గోధుమపిండి కొద్దీ నడిచింది.
ఇంటద్దె గోధుమ, మార్నా చలికోటు గోధుమ,
నా కూతురి బడిసంచిలో
ఎప్పుడూ ఉండే సూదిమందు కూడా
గోధుమే కొనిపెట్టింది.

ఏడేళ్ల పిల్ల. ఫ్రిజ్ మీద
ఎండ్రకాయ బొమ్మ అయస్కాంతం కింద దాని కాగితం:
గోధుమ వద్దు, ఓట్లు వద్దు, వరీ జొన్నా ఏ ధాన్యమూ వద్దు,
గుడ్డు వద్దు, బాదం ఇంట్లోకే రాకూడదు.

"నాన్నా, నీ డోనట్ మధ్యలో ఏముంటుంది?"
"ఏమీ ఉండదు, చిల్లు."
కాసేపు ఆలోచించింది.
"అయితే ఆ ఏమీ లేనిది
నేను తినొచ్చు కదా?"

ఆ ఆదివారమే మొదలుపెట్టాను.

కర్రపెండలం పిండికి మాట వినే అలవాటు లేదు.
గోధుమ సాగుతుంది, పిలిస్తే పలుకుతుంది.
ఇది ముద్దంటే ముద్ద, పొడంటే పొడి.
అవిసె పొడి నీళ్లలో నానేసి
గుడ్డు అని పేరు పెట్టాను.
ఊరికి రోజూ నలభై డజన్లు చేసే చెయ్యి
ఆరంటే ఆరింటి దగ్గర తడబడింది.
మొదటి విడతలో ఒకటి
మార్నా ఇప్పటికీ తలుపుకి అడ్డంగా పెడుతోంది.
రెండో విడత గురించి మాట్లాడుకోం.

మూడో ఆదివారం
పొద్దుతిరుగుడు గింజలు విసిరి కలిపాను.
రాత్రంతా పనిచేసి పొద్దు తిరిగాక పడుకునేవాడికి
సరైన పిండే అనిపించింది.
గుమ్మడి గుజ్జు, మేపుల్ పాకం,
జాజికాయ రెండు గీకులు, కాస్త సోడా.
ఓవెన్ అద్దం ముందు ఇద్దరం చతికిలబడి చూశాం.
పొంగాయి.
నిజంగానే పొంగాయి!
పైన దాల్చినచెక్క పొడి ఒడెట్టే చల్లింది,
సగం డోనట్లకి, సగం పిల్లికి.

చల్లారాక విరిచింది.
లోపల పచ్చ.
నాచు పచ్చ, ఆకు పచ్చ.

చేతిలోంచి లాగేసుకున్నాను.
బూజేమో, విషమేమో,
మళ్లీ ఆ గడియారమేమో.
మార్నా ఫోన్‌లో వెతికి వెతికి నవ్వింది.
సోడా తగిలితే ఆ గింజ పచ్చబడుతుందట.
నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఆగేదట.
తినొచ్చట.

ఒడెట్ ఆ ముక్క తిరిగి తీసుకుని
కిటికీ వైపు చూసింది.
నది ఒడ్డున మేపుల్ చెట్లన్నీ
ఎర్రగా, ఇటుక రంగుగా, కొన్ని ఇప్పటికే బోడిగా.
"వీటికి ఇంకా అక్టోబర్ రాలేదు నాన్నా."
అని కొరికింది.
నమిలింది.
నేను దాని పెదాలనే చూస్తున్నాను,
వాపు కోసం, దద్దుర్ల కోసం.
పెదాల మీద దాల్చినచెక్క తప్ప
ఏమీ లేదు.

మధ్యలో చిల్లు ఆఖర్న తింటానని
జాగ్రత్తగా చుట్టూ కొరుక్కుంటూ వచ్చి
వేళ్లతో గాలిని నోట్లో వేసుకుంది.
"ఇదే బాగుంది" అంది.

ఆ రాత్రి పదకొండింటికి పనికి బయల్దేరుతూ
సింకు దగ్గర ఆగాను.
మణికట్టు మీద కర్రపెండలం పిండి,
గోళ్ల సందుల్లో గుమ్మడి.
కుళాయి మీద చెయ్యి వేసి,
తిప్పకుండానే
వెళ్లిపోయాను.