ఒక్క మెతుకు

తోకాయ్‌లో పైన్ చెట్ల వెనక సముద్రం ఉంటుంది.
రాత్రి షిఫ్టులో కనిపించదు,
పంపుల రొదలో వినిపించదు కూడా.
చొక్కాకి మాత్రం ఉప్పువాసన.

యోనెజావా గారు కాలమ్ నింపుతున్నారు.
అగ్గిపుల్ల మందం, చిటికెనవేలి గోరంత పొడవు,
లోపల కంటికి ఆనని రెసిన్ పూసలు.
ముప్పై ఏళ్ళుగా ఇదే పని. చెయ్యి వణకదు,
టీ కప్పు పట్టుకున్నప్పుడే వణుకుతుంది.

గోడ అవతల, మనిషి వెళ్ళకూడని చోట,
క్యూరియం రేకు మీద ఆక్సిజన్ వాన.
కోటానుకోట్ల చినుకులు ఊరికే పోతాయి.
ఎప్పుడో ఒకటి అతుక్కుంటుంది:
నూట నాలుగో మూలకం.
హీలియం గాలి దాన్ని ఉప్పు ధూళి మీద ఎక్కించి
సన్నటి గొట్టంలో మా దగ్గరికి తోలుతుంది.
అర్ధాయువు డెబ్బై ఎనిమిది సెకన్లు.
అందులో కొంత దారి ఖర్చు.

అన్నం ఉడికిందో లేదో
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు.
ఆ మాట అన్నవాళ్ళకి కుండ ఉంది,
కుండలో మిగతా అన్నం ఉంది.
మాకు కుండ లేదు.
ఉన్నది ఆ మెతుకే, అదీ ఉంటే.

నేను చదివిన రసాయనశాస్త్రమంతా గుంపుల శాస్త్రం.
గాఢత, సమతాస్థితి, నూటికి ఎంత.
ఒంటరి పరమాణువుని ఎంత అని అడగలేం.
ఉన్నావా, వెళ్ళావా?
రెసిన్‌ని పట్టుకున్నావా,
హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చుక్కతో జారిపోయావా?
నిన్న ఇదే ప్రశ్న నాలుగు వందల సార్లు.
ఇవాళ లెక్కపెట్టడం మానేశాను.

చుక్క టాంటలం బిళ్ళ మీద పడుతుంది,
దీపం కింద ఆరుతుంది,
డిటెక్టర్ ముందుకి జరుగుతుంది.
బతికున్నంతసేపూ అది ఎవరో మాకు తెలీదు.
పోయేటప్పుడు ఒక ఆల్ఫా కణం విసిరి పోతుంది.
ఆ వెనకే దాని కూతురు, నొబీలియం,
అదే బిళ్ళ మీద, కాసేపట్లోనే పోవాలి.
ఇద్దరి కబురూ అందితేనే
పుస్తకంలో తల్లి పేరు రాస్తాం.

రెండింటికి భూమి కొంచెం కదిలింది.
బీమ్ ఆగింది, నలభై నిమిషాలు.
ఎవరూ తల ఎత్తలేదు.

మూడు దాటాక తెర మీద ఒక గీత. పక్కనే ఇంకోటి.
తల్లీ కూతురూ.
జారిపోయిన చుక్కలోది.

జిర్కోనియం, హాఫ్నియం ఇదే కాలమ్‌లో
ఇదే ఆమ్లానికి బల్లిలా కరుచుకుని ఉంటాయి.
పట్టికలో వాటి కింద గడి గీసి
దీన్ని కూర్చోబెట్టింది మనమే.
ఇంటిపేరు ఒకటి, తీరు వేరు.
నూట నాలుగు ప్రోటాన్లు కడుపులో మోస్తుంటే
లోపలి ఎలక్ట్రాన్లు వెర్రి పరుగు పెడతాయి,
బయటివాటికి ఆ కుదుపు తగలకుండా ఎలా ఉంటుంది?
ఇదంతా నేను గబగబా చెప్పేశాను,
సిద్ధాంతం నాకు ఎవరో అప్పగించినట్టు.

"చిహారు గారూ, ఒక్కటితో ఏం చెప్తాం?
ఇంకో ఎనభై రానీ," అన్నారాయన,
వాడిన కాలమ్ తీసి డబ్బాలో వేస్తూ.

కిటికీ బూడిదరంగుకి తిరిగింది.
జేబులోంచి ఎండబెట్టిన చిలగడదుంప ముక్క తీశారు,
ఈ ఊరి సరుకు, తోలులా సాగుతుంది.
రెండుగా చించడానికి చాలాసేపు పట్టింది.
సమంగా రాలేదు.
పెద్దది నాకిచ్చి
కొత్త కాలమ్ నింపడానికి కూర్చున్నారు.