చేయబడును

మహారాణిపేట కలెక్టరాఫీసు, మేడ మీద మూడో గది.
కిటికీకి ఎదురుగా సముద్రం ఉండాలి,
ఫైళ్ళ బీరువా ఉంది.
సమానత్వ హామీ పత్రం, ఇంగ్లీషులో పద్దెనిమిది పేజీలు.
సాయంత్రం ఐదులోగా తెలుగు చేసి ఇవ్వాలి నేను.
ఎల్లుండి బీచ్ రోడ్డు హోటల్లో
మంత్రిగారు చదువుతారు.

"సమాన వేతనము చెల్లింపబడును."
"రక్షణ కల్పింపబడును."
"పనిచేయు చోట్ల మరుగుదొడ్లు నిర్మింపబడును."
బడును, బడును, బడును,
లంగరేసిన పడవ జెట్టీ గోడకి తగులుతున్నట్టు
ఒకటే చప్పుడు.
తొమ్మిదో తరగతిలో వరహాలమ్మ టీచరు చెప్పింది:
కర్మణి వాక్యంలో కర్తని దాచెయ్యొచ్చు,
తప్పు కాదు, మార్కులు పోవు.

నాది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం.
పదకొండో పేజీలో
ప్రసూతి సెలవు ఆరు నెలలు అని కొడుతుంటే
లోపల్నించి ఒక తన్ను.
ఏజెన్సీకి ఇంకా చెప్పలేదు.
చున్నీ కొంచెం వెడల్పుగా పరుచుకుంటున్నాను, అంతే.

కరెంటు పోయింది.
ఫ్యాన్లు ఆగాక వినబడింది కింద వరండాలో గొడవ.
సోమవారం, అర్జీల రోజు.

సూరాడ దానమ్మ నాకు తెలుసు.
ఫిషింగ్ హార్బర్‌లో కానాగంతలు పాడుకుని
పూర్ణా మార్కెట్లో అమ్ముతుంది.
మూడు సోమవారాలుగా ఒక్కతే వస్తోంది.
ప్రతిసారీ అటెండరు తలుపు సందులోంచి
"చేపలది వచ్చింది సార్" అంటాడు,
ఆమె నిలబడ్డ చోట ఫినాయిల్ చల్లుతాడు.
అతను వచ్చాడు.
ఆమె వచ్చింది.
లారీ వచ్చింది, తుఫాను వచ్చింది, కరెంటు బిల్లు వచ్చింది.
మన భాషలో ఒంటరి ఆడమనిషికీ లారీకీ
ఒకటే క్రియ.

ఈ సోమవారం పద్నాలుగు మంది.
ఖాళీ తట్టలు మెట్ల మీద బోర్లించి కూర్చున్నారు.
అటెండరు లోపలికి పరిగెత్తాడు:
"హార్బరోళ్ళు వచ్చారు సార్!"

వచ్చారు.
తనేమన్నాడో అతనికి తెలియదు.
రెయిలింగ్ పట్టుకుని పైన నిలబడ్డ నేను విన్నాను.

"దొడ్డి కట్టినారు బాబూ, కట్నేదని అన్లేదు.
రాయేసినారు, రాయి మీద పేర్లేసినారు,
తలుపుకి తాళమూ ఏసినారు.
తెల్లారగట్ల మూడింటికి ఏలంపాట.
రాత్రి కూడు తిన్నాక సుక్క నీల్లు తాగం మేం.
తాళం ఎవుడి కాడుందో సెప్పండి, సాలు.
ఎల్లిపోతాం."

ఆఫీసరు మర్యాదగానే విన్నాడు.
కుర్చీలు కూడా వేయించాడు, నాలుగు.
అర్జీ మూల మీద పచ్చ సిరాతో ఒక మాట రాశాడు.

దానమ్మ మెట్ల దగ్గర నన్నాపి కాయితం చూపించింది.
"ఏటి రాసినాడమ్మా?"
"పరిశీలింపబడును."
"అంటే?"
"చూస్తారు."
"ఎవుడు సూస్తాడంట?"

పద్దెనిమిది పేజీల్లో నాకు ఎక్కడా తగలని ప్రశ్న.
"అది రాయలేదు" అన్నాను.
ఆమె నా ముఖం చూసింది, తర్వాత చున్నీ.
"ఎన్నో నెల?" అంది మెల్లగా.
ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ అడగనిది.
అయిదు అన్నాను. తలూపి
తట్ట నెత్తికెత్తుకుంది.

కరెంటు వచ్చింది. నాలుగుంబావు.
ఏడో పేజీకి వెనక్కి వెళ్ళాను.
నిర్మింపబడును కొట్టేశాను.
"మేం కడతాం. తాళంచెవి మీ చేతికిస్తాం."
ఇక ఆగలేదు వేళ్ళు:
మేం చెల్లిస్తాం. మేం కల్పిస్తాం.
పదకొండో పేజీ దగ్గర ఒక్క నిమిషం ఆగి
మేం ఇస్తాం, ఔట్‌సోర్సింగ్ వారికి కూడా
అని కొట్టి,
ఆ చివరి మూడు మాటలూ చెరిపేశాను.
మళ్ళీ కొట్టాను.

సూపరింటెండెంట్ ఐదింటికి బస్సు కోసం పరిగెత్తే మనిషి.
చదవకుండానే సంతకం పెట్టాడు, పెట్టొచ్చు.
లేదా రేపు పొద్దున్నే పిలిచి
ఎవరు మార్చారిది అంటాడు.
అప్పుడు దాచను కర్తని.

ప్రింటరు వేడి కాయితాలు కక్కుతోంది.
ఫినాయిల్‌ని దాటుకుని మెట్ల మీదుగా
కానాగంతల వాసన పైకొస్తోంది.
ఎల్లుండి మైకు ముందు ఆయన
మేం అనే మాట దగ్గరకొచ్చి
చదువుతారో,
తడబడుదురో.